ఉద్ధరిణెడు నెయ్యి

మా అమ్మ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆమె ఏ పొరపాటూ చేయదు.

చేయదంటే చేయదు. ఒకసారి మద్రాసు బండి తొమ్మిదిన్నరకని చెప్పి మమ్మల్నందరినీ రేణిగుంట స్టేషనుకు నడిపించింది. మేము పోయేసరికి బండి ఎప్పుడో వెళ్ళిపోయింది. పెట్టెల మధ్య నిలబడి, ఈ రైలోళ్ళకు ఒక కట్టుబాటు లేదు అన్నది అమ్మ. అన్న తీరు ఎలాంటిదంటే, స్టేషను మాస్టరు కూడా వెనక్కి తిరిగి గడియారం వైపు అనుమానంగా చూసుకున్నాడు. మా నాయన పెళ్ళయిన కొత్తలో రెండు మూడుసార్లు ఆమెతో వాదించి చూశాడట. ఆ తర్వాత ఆయనకు చెవుడు వచ్చింది. డాక్టరుకు చూపిస్తే చెవులు నిక్షేపంగా ఉన్నాయన్నాడు. నాయన ఆ మాట కూడా వినపడనట్టే ఊరుకున్నాడు.

కూతురిని గనక ఈ గుణం నాకూ కొంత రావలసింది. కాలేజీ చదువు వల్ల పాడైపోయింది. చదువుకున్నవాళ్ళకు ఏ సంగతికైనా రెండు వైపులు కనిపిస్తాయి. అమ్మకు ఒక్కటే కనిపిస్తుంది, అదీ తాను నిలబడి ఉన్న వైపు.

పోయిన వారం ఈ కథ ఎక్కడ ఆపానో గుర్తున్నవాళ్ళు కాసేపు ఓర్చుకోవాలి. గుర్తు లేనివాళ్ళ కోసం నాలుగు మాటలు. మా తిరుపతి స్త్రీ సమాజానికి పెద్ద పంకజాక్షి, ఆడపిల్లల బడిలో పంతులమ్మ. ఏళ్ళ కిందట ఒకనాడు పాలవాళ్ళ కొట్టంలో డొక్కలు ఎండిన దూడలను చూసి వచ్చి, ఆనాటి నుంచి పాలు, పెరుగు, నెయ్యి నోట పెట్టడం మానేసింది. మా ఇళ్ళకు వచ్చినప్పుడు మజ్జిగైనా తాగవమ్మా అని ఎవరన్నా అంటే, దూడ తాగిందా అని అడుగుతుంది. ఆ తర్వాత మజ్జిగ ఎవరికీ గొంతు దిగదు. అందుకని మేమంతా ఆమెను ఎంత గౌరవిస్తామో అంత తక్కువగా భోజనానికి పిలుస్తాం.

ఆ దూడలకొక సాల కట్టాలని పంకజాక్షి పట్టుబట్టింది. కప్పుకు డబ్బు కావాలి, కట్టడానికి స్థలం కావాలి. స్థలం ఉన్నది ధనంజయ శెట్టికి. ఆయనది నేతి మండీ. అంటే దూడ మూతి దగ్గరిది తీసి ఊళ్ళకు సరఫరా చేసే వ్యాపారంలో చిత్తూరు దాకా పెద్ద మనిషి. పంకజాక్షి నేరుగా ఆయన దగ్గరికే పోయింది. ఆయన కోప్పడలేదు, కడుపుబ్బ నవ్వాడు. మీరు నెయ్యి చుక్క తగలకుండా తీపి వండి, నలుగురి చేత తినిపించి, నా చేత కూడా బాగుందనిపించండి, స్టేషను వెనక నా ఖాళీ స్థలం దూడలకే వదిలేస్తాను అన్నాడు. చుక్క తగిలిందా, మళ్ళీ ఈ మాట నా గడపలో ఎత్తకూడదు అని కూడా అన్నాడు. అలా మొదలైంది మా పాలు నెయ్యి లేని తినుబండారాల అమ్మకం.

ఇక గడ్డిదూడ సంగతి. మా పుట్టింటి ఆవు గౌరికి పుట్టిన దూడ ఉగాదికి ముందు పోయింది. సీకొచ్చి, అంటే జబ్బు చేసి, పోయిందని అమ్మ చెప్పింది. దూడ ఎదురుగా లేనిదే ఆవు పాలు చేపదు గనక, పాలు పిండే కుప్పయ్య దాని తోలులో గడ్డి కూరి, కుట్టి, వెదురు కాళ్ళు పెట్టి నిలబెట్టాడు. పూటపూటా దాన్ని తెచ్చి గౌరి ముందు పెడతాడు. గౌరి దాన్ని నాకుతూ చేపుతుంది. మా వైపు కొట్టాల్లో ఇది అందరూ చేసేదే, ఎవరూ ఆగి చూసేది కాదు. పంకజాక్షి ఆగి చూసింది. పోయిన వారం మా అమ్మ ఎదుట నిలబడి, అమ్మకం నాడు ఒక్క దినం ఆ దూడను మాకిస్తారా, జనం చూస్తారు అని అడిగింది. నేను గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. అమ్మ, తీసకపోండి అని లోపలికి వెళ్ళిపోయింది.

పొరపాటు చేయని మనిషి అంత సులువుగా ఒప్పుకుంటే నాకు సంతోషం కలగలేదు, భయం వేసింది.

ఆ భయంలో ఎంత న్యాయముందో శనివారం నాడు తెలిసింది.

మా ఊళ్ళో రొట్టెల బట్టీ ఒక్కటే, స్టేషను దగ్గర సందులో సుందరరాజుది. క్రిస్టమస్‌కు కేకులు, మిగతా రోజుల్లో ఆసుపత్రికి రొట్టెలు. మేము చేయదలచుకున్నవి రాగిపిండీ బెల్లమూ కలిపిన బిస్కోతులు, కొబ్బరి బన్నులు, చెనిక్కాయలు దంచి వేసిన కేకు. అన్నిటికీ గానుగ నూనే. సుందరరాజు మా పద్ధతంతా ఓపికగా విని తల గోక్కున్నాడు. గుడ్డు వద్దంటిరి, పాలు వద్దంటిరి, వెన్న వద్దంటిరి, పిండి పొంగేదానికి కల్లన్నా పోద్దామంటే సర్కారు వద్దనె, ఇంక నాకు మిగిలింది నిప్పొకటేనమ్మా అన్నాడు. చివరికి పులిసిన పిండితో సరిపెట్టాడు. పని మొదలుపెట్టాక మాకంటే అతనికే పట్టుదల పెరిగింది.

శనివారం తెల్లవారేసరికి బట్టీ గుమ్మం ముందు మా అమ్మ ఉంది. ఎవరూ పిలవలేదు. ఊరి జనం తినేది, మడీ తడీ లేకుండా పోతే ఆ పాపం ఎవరికి అన్నది. అప్పటికే బట్టీకి సున్నం కొట్టించింది, గడపకు పసుపునీళ్ళు చల్లించింది. లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు. గుమ్మం పక్కన పీట వేసుకుని, గొడుగు పట్టుకుని, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని కూర్చుంది. పళ్ళెం బట్టీలో నుంచి బయటికి వస్తే ముందు ఆమె దగ్గర ఆగాలి. ఆమె ఏదో గొణిగి చెయ్యి ఊపితేనే బండి ఎక్కాలి. సుందరరాజు ఆమెకు మా అందరికంటే ఎక్కువ భయపడ్డాడు. నేను లోపల మోచేతుల దాకా పిండిలో ఉన్నాను. అమ్మ మా వైపు తిరిగిందని పంకజాక్షి ఎంత మురిసిపోయిందో, నాకు అంత అరికాళ్ళు దురద పెట్టాయి.

అమ్మకం స్టేషను ఎదుటి సత్రం వసారాలో. సత్రానికి ధర్మకర్త కూడా శెట్టిగారే. స్తంభాల మధ్య గుడ్డ కట్టి, దాని మీద పంకజాక్షి పెద్ద అక్షరాలతో రాసింది: 'పాలు, వెన్న, నెయ్యి చుక్క లేదు. దూడ వాటా దూడకే.' బల్ల చివర గడ్డిదూడను నిలబెట్టాం. దానికి ఒక పక్క వీపు మీద వెంట్రుకలు లేవు. గౌరి నాలుక తగిలి తగిలి నున్నగా అరిగిపోయింది.

మొదటి ముక్క పంకజాక్షి తిన్నది. అందరూ చూస్తుండగా, కొబ్బరి బన్ను విరిచి, నెమ్మదిగా నమిలి, ఇన్నేళ్ళకు నేను ఒక పండగ తిండి తింటున్నాను అన్నది. అప్పుడు ఆమె ముఖం చూసినవాళ్ళెవరూ బల్ల దగ్గరికి రాకుండా ఉండలేకపోయారు. గుండ్లు గీయించుకుని కొండ దిగి వచ్చిన యాత్రికులు, బండి కోసం కాచుకున్న వడమాలపేట రైతులు, కోర్టు గుమాస్తాలు, అందరూ వచ్చారు. బిస్కోతుతో పాటు పంకజాక్షి ప్రతివాళ్ళకూ దూడ కథ కూడా పెట్టింది. ఏర్పేడు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, మా కొట్టంలో కూడా ఉండాది ఇట్లాంటిది, ఇందులో ఏముండాది ఇంత చెప్పేదానికి అని గట్టిగా అన్నాడు. బండి రావడానికి ఇంకా పొద్దుంది. ఆయన అటు పోయి ఇటు వచ్చి, మళ్ళీ అటు పోయి, కడపటికి దూడ ముందర గొంతుక్కూర్చుని దాని కుట్లు చూస్తూ ఉండిపోయాడు. బండి వచ్చినప్పుడు ఆయన్ని వెంట ఉన్నవాళ్ళు పిలవాల్సి వచ్చింది.

మా అమ్మ వసారా అరుగు మీద కూర్చుంది. ఒళ్ళో అదే సంచి. వచ్చినవాళ్ళను పలకరించింది, చిల్లర పడేసినవాడిని ఏరుకోమన్నది, నా కొంగు సరిచేసుకోమని నాలుగుసార్లు సైగ చేసింది. కానీ కూర్చోవడం మాత్రం గడ్డిదూడ వైపు వీపు పెట్టి కూర్చుంది. పొద్దు తిరిగినా, ఎండ మొహాన పడుతున్నా ఇటు తిరగలేదు.

నడిమధ్యాహ్నం దాటాక నాయన వచ్చాడు. గౌరి గడ్డి ముట్టలేదట. పొద్దున దూడను తీసుకుపోయినప్పటి నుంచి వాకిలి వైపే చూస్తూ అరుస్తున్నదట.

"అరుపు చెవుడున్న నాకే వినపడతాంది," అన్నాడు.

ఇంకో రోజైతే ఈ మాటకు నేను నవ్వేదాన్ని. అమ్మ వైపు చూశాను. ఆమె సంచి మూతి తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. నాయన ఇంటికి వెళ్ళిపోయాడు.

శెట్టిగారు చల్లపొద్దుకు వచ్చారు. జరీ కండువా, వేలికి పచ్చరాయి, వెంట ఇద్దరు గుమాస్తాలు. పూతలపట్టు నెయ్యేదో పుత్తూరు నెయ్యేదో డబ్బా మూత తీయకముందే చెప్పగలడని ఆయనకు పేరు. కొబ్బరి బన్ను తీసుకుని విరిచాడు. మండీలో నెయ్యి చూసే అలవాటు కొద్దీ కాబోలు, చిన్న ముక్కను ముంజేతి మీద రుద్దుకుని వాసన చూశాడు. చిన్నగా నవ్వి తిన్నాడు. ఇంకొకటి తిన్నాడు. రాగి బిస్కోతు తిని, ఏమప్పా, నా మండీ మూసుకోవాల్సిందేనా అని గుమాస్తాలతో అన్నాడు. జనం నవ్వారు. పంకజాక్షి నా చెయ్యి పట్టుకుని ఎంత గట్టిగా నొక్కిందంటే గాజు విరిగింది. దీపాలు పెట్టే వేళకు నలుగురి ముందర మాట చెప్తానని ఆయన కుర్చీ వేయించుకున్నాడు.

అంతా బాగుంది. అంత బాగుండటమే నాకు బాగాలేదు. ఒక చోట నిలబడలేక బల్ల చుట్టూ తిరుగుతున్నాను.

అప్పుడు వచ్చాడు సుందరరాజు, ఉతికిన చొక్కా తొడుక్కుని, తన సరుకు ఎలా పోతున్నదో చూసుకోవడానికి. పళ్ళేలు ఖాళీ అవుతుంటే పెళ్ళికొడుకు తండ్రిలా నిలబడ్డాడు. నేను మెచ్చుకున్నాను. నా గొప్ప ఏముండాదమ్మా అన్నాడు.

"అంతా మీ అమ్మగారి తీర్థం మహిమ. సెగ మీద ఉండంగనే చల్లినారు గదా, చల్లిన వెంటనే వాసనే మారిపోయింది. మా చర్చిలో నీళ్ళకు అంత వాసన రాదమ్మా."

నేను అడిగాను, తీర్థం ఎలా ఉంది, తెల్లగా ఉందా అని.

"పచ్చగా ఉండాది. కొంచెం గడ్డకట్టి ఉన్నింది. మీ దేవుడిది ఎట్లుంటాదో నాకేం తెలుసు," అన్నాడు సుందరరాజు.

అమ్మ చెయ్యి పట్టుకుని లేపాను. సత్రం వంటపాత్రలు పెట్టే గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేశాను. సంచి ఇటివ్వు అన్నాను. ఇచ్చింది. ఇవ్వడానికి వెనకాడలేదు కూడా. లోపల ఇత్తడి నేతి గిన్నె, పూజలో తీర్థమిచ్చే చిన్న ఉద్ధరిణి ఉన్నాయి. గిన్నె అడుగు కనిపిస్తున్నది.

నెయ్యి వేశావా అన్నాను.

"నెయ్యి ఏంటికి వేస్తానే? అభిఘారం చేసినా."

ఇక్కడ మా అమ్మకు న్యాయం చేయాలి. మా ఇళ్ళల్లో వండినది ఏదైనా, దేవుడి ముందు పెట్టేముందూ విస్తట్లో వడ్డించేముందూ, పైన ఒక్క చుక్క నెయ్యి పడాలి. పడితేనే అది శుద్ధి. పడకపోతే అది తిండి కాదు, ఉడికిన సరుకు. ఆ చుక్కను మా అమ్మ గానీ వాళ్ళ అమ్మ గానీ ఎన్నడూ నెయ్యి కింద జమకట్టలేదు. కాలికి రాసే పసుపును ఎవరూ కూర కింద జమకట్టరు కదా. మేము వారం రోజులు నెయ్యి వద్దు, వెన్న వద్దు అని ఆమె చెవిలో పోరాము. అభిఘారం వద్దని చెప్పాలని మాలో ఎవరికీ తోచలేదు. చదువుకున్నవాళ్ళం మరి.

ఆ మాటే అమ్మ తన పద్ధతిలో చెప్పింది. పిండిలో కలిపినానా, లేదు. నూనెకు బదులు పోసినానా, లేదు. మీ గుడ్డ మీద రాసుకున్నది అబద్ధం కాలేదు. నలుగురు తినే తిండి శుద్ధి లేకుండా పంపేదానికి నాకు చెయ్యి రాలేదు. ఒక్క పళ్ళెం కూడా ఇడిసిపెట్టలేదు, ఒక్క ముక్క కూడా. ఈ చివరి మాట నన్ను ఊరడించడానికి చెప్పింది.

ఏ నెయ్యి అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలీదు.

"మన గౌరిదే. అభిఘారానికి అంగడి నెయ్యి పనికొస్తాదా?"

"పంకజాక్షి తిన్నదమ్మా."

"తింటే ఏమి? విషమా?"

"ఆమె ఒట్టు అది. ఎన్నేళ్ళ ఒట్టో నీకు తెలుసు. అందరి ముందరా తిన్నది, పండగ తిండి అన్నది. నీ చేతి మీదుగా వచ్చిందని మురిసిపోయింది."

అమ్మ గిన్నె తీసుకుని మూత పెట్టింది. మూత సరిగా కూర్చోలేదు. మళ్ళీ తీసి పెట్టింది. గౌరికి ఇంటికి పోయి ఏమన్నా పెట్టాల, పొద్దున్నుంచి తినలేదంట అన్నది. నేను అడిగినదానికి అది జవాబు కాదు. అమ్మ మాట తప్పించడం నేను చూడటం అదే మొదలు. నాకు గెలిచినట్టు అనిపించి ఉండాలి. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే అక్కడ మెట్టు లేనట్టు అనిపించింది.

నిజం చెప్పాలంటే, ఆ పాత్రల గదిలో నా చదువు నాకు చాలా మంచి సలహా ఒకటి ఇచ్చింది. ఊరుకో అన్నది. జనం తిన్నారు, మెచ్చుకున్నారు. శెట్టి మెచ్చుకున్నాడు. ఇంకొంచెం సేపట్లో స్థలం వస్తుంది, దూడలు బతుకుతాయి. ఒక చుక్క సంగతి అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. సుందరరాజు కూడా తీర్థమనే అనుకుంటున్నాడు. పంకజాక్షికి చెబితే ఆమె ఒట్టు పోయిందన్న బాధా, స్థలం పోయిందన్న బాధా రెండూ ఆమెకే. చెప్పకపోతే ఏ బాధా లేదు. ఇంత చక్కగా లెక్క కుదిరినప్పుడు ఎక్కడో ఒక తప్పు ఉండి తీరుతుందని నాకు తెలుసు, ఎక్కడుందో మాత్రం కనిపించలేదు. అంతలో బయట శెట్టిగారి గొంతు వినపడింది. పంతులమ్మ ఏదప్పా, పిలవండి అంటున్నారు.

మేము బయటికి వచ్చేసరికి వసారా దీపాలు వెలిగించారు. జనం అరుగుల మీదా మెట్ల మీదా కూర్చున్నారు. పంకజాక్షి బల్ల ముందర, గడ్డిదూడ పక్కన నిలబడి ఉంది. శెట్టిగారు కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నారు. ముంజేతిని మాటిమాటికీ ముక్కు దగ్గరికి తీసుకుపోతున్నారు, ఏదో ఇష్టమైన అత్తరు పూసుకున్నవాడిలా.

"పంకజాక్షమ్మా, నేను ఓడిపోయినట్టే ఉండాది. రుచి బాగుంది, జనం మెచ్చుకున్నారు. ఇంక ఒక్క మాట. వీళ్ళందరి ముందరా, ఆ దూడ మీద చెయ్యి పెట్టి, ఇందులో నెయ్యి చుక్క లేదని నీ నోటితో చెప్పు. స్థలం నీది."

ముంజేయి మళ్ళీ ముక్కు దగ్గరికి పోయింది. అప్పుడు నాకు తెలిసింది, పాత్రల గదిలో నేను వేసిన లెక్కలో తప్పు ఎక్కడో. మూత తీయకుండా ఊరి పేరు చెప్పే మనిషి. మొదటి ముక్కకే తెలిసి ఉంటుంది ఆయనకు. ఆయన కోరుతున్నది నిజం కాదు. దూడ మీద చెయ్యి పెట్టి పంకజాక్షి అబద్ధమాడాలి, ఆ మరుక్షణం ఆయన ముంజేయి చాచి అందరికీ వాసన చూపాలి. ఇంక ఈ ఊళ్ళో ఆమె మాట ఎవరు వింటారు? స్థలం ఒక్కటే కాదు, పంకజాక్షి కూడా పోతుంది.

పంకజాక్షి ఏ అనుమానం లేకుండా దూడ వీపు మీద చెయ్యి పెట్టింది. జనం వైపు తిరిగింది. నేను నోరు తెరిచాను. మళ్ళీ మూశాను. చెప్పాల్సిన మాటలో నా కన్నతల్లి పేరుంది.

"ఉండు తల్లీ. ఆ మాట నువ్వు చెప్పొద్దు."

అమ్మ నన్ను దాటుకుని బల్ల దగ్గరికి వెళ్ళింది. సంచిలో నుంచి గిన్నె తీసి, ఉద్ధరిణి తీసి, బిస్కోతుల పక్కన పెట్టింది.

"నెయ్యి ఉండాది శెట్టీ. అన్నిట్లో ఉండాది. నేనే వేసినా. ఈ పిల్లకు తెలీదు. నా కూతురికి ఇందాకటి దాకా తెలీదు."

పంకజాక్షి చెయ్యి దూడ మీదనే ఉండిపోయింది. రెండో చెయ్యి నెమ్మదిగా తన నోటి మీదికి పోయింది. మెట్ల మీద ఎవరి చేతిలోదో బిస్కోతు కింద పడి విరిగిన చప్పుడు కూడా వినపడింది.

శెట్టిగారు ఉలిక్కిపడలేదు. నాకు తెలుసమ్మా, మొదటి ముక్కకే తెలిసింది, ఎవరు చెప్తారో చూద్దామనుకున్నా అన్నారు. అభిఘారం చేసినారా అని అడిగారు. అమ్మ అవునన్నది. ఆయన లేచి, చేతులు జోడించి అమ్మకు దండం పెట్టారు. ఆ దండంలో వెటకారం లేదు. వ్యాపారం ఉంది.

"మీరు చేసిందాంట్లో తప్పు లేదు అలివేలమ్మా. పెద్దింటి ఇల్లాలు చేయాల్సిందే చేసినారు. నెయ్యి పడంది తిండి కాదని ఈ ఊరికంతా చూపించినారు. తప్పు ఎవరిదన్నా ఉంటే, మన పద్ధతులు మానుకోమని ఊరి మీద పడిన ఈ పంతులమ్మది. ఆ ఒక్క మాట మీ నోటితో చెప్పండి, అందరం ఇండ్లకు పోదాం."

జనంలో సగం మంది తలలు ఊపారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేను చూస్తున్నాను, ఇలాంటి మాట కోసం మా అమ్మ ఎదురుచూడదు, అది దానంతట అదే ఆమె దగ్గరికి వస్తుంది. అందరి ముందరా, దండం పెట్టి మరీ, నువ్వు తప్పు చేయలేదు అంటున్నాడు ఊరికి పెద్ద మనిషి. ఆమె తల ఊపి అరుగు మీద కూర్చుంటే చాలు.

అమ్మ కూర్చోలేదు. పొద్దున్నుంచి వీపు పెట్టిన వైపుకు తిరిగింది. గడ్డిదూడను చూసింది. పంకజాక్షి చెయ్యి పక్కనే, వెంట్రుకలు అరిగిపోయిన చోట, తన చెయ్యి పెట్టింది.

"పొద్దున దీన్ని తీసకపోయినప్పుడు గౌరి అరిసింది. ఇంకా అరుస్తానే ఉండాదంట. గడ్డిదని దానికి తెలుసు, ఊరికే నాకుతాదిలే అనుకున్నా నేను ఇన్నాళ్ళూ."

శెట్టిగారు ఏదో అనబోయారు. అమ్మ ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"దీనికి సీకు రాలేదు శకుంతలా. అభిఘారానికి అంగడి నెయ్యి పనికిరాదని, తాగకుండా దీని మూతికి చిక్కం కట్టించి అన్ని పాలూ పిండిచ్చినా. కుప్పయ్య వద్దనె. చాలదు, చచ్చిపోతాదమ్మా అనె. నేను వినలేదు."

ఆమె గొంతు పెద్దదేమీ కాదు. కానీ మెట్ల మీద చివర కూర్చున్నవాళ్ళకు కూడా వినపడింది.

"నేను తప్పు చేసినా."